టెలోమియర్లు త్వరగా తరగకుండా కంచం ఎలా సర్దుకోవాలి

"టెలోమియర్లను పెంచి వయసును వెనక్కి తిప్పే క్యాప్సూల్" అనే ప్రకటన మీ ఫోన్‌కి కూడా వచ్చే ఉంటుంది. ఆ డబ్బా కొనే ముందు ఒక్కసారి ఇది చదవండి. తిండికీ టెలోమియర్లకీ సంబంధం ఉందన్న మాట నిజమే. ఆ సంబంధమంతా మీ ఇంట్లో బియ్యం డబ్బా, నూనె క్యాను, టీ గ్లాసు దగ్గరే ఉంది. ఎక్కడెక్కడ ఏం మార్చాలో వరసగా చెప్తాను.

ముందు అసలు విషయం నాలుగు ముక్కల్లో. మన ఒక్కో కణంలో 46 క్రోమోజోములు, అంటే డీఎన్‌ఏ పోగులు, వాటికి 92 కొసలు. ప్రతి కొసనా టి-టి-ఎ-జి-జి-జి అనే ఆరు డీఎన్‌ఏ అక్షరాల వరస వెయ్యికి పైగా సార్లు తిరిగి తిరిగి వస్తుంది. అదే టెలోమియర్. నేత చీర కొంగు చివర పోగులు విడిపోకుండా కుచ్చులు ముడేస్తారు కదా, దీని పనీ అదే. కణం విభజన చెందిన ప్రతిసారీ ఈ కొస కాస్త తరుగుతుంది. పుట్టినప్పుడు తెల్లరక్తకణాల్లో సుమారు 10 వేల అక్షరాల పొడవుండేది, పెద్దయ్యాక ఏడాదికి పదుల అక్షరాల చొప్పున తగ్గుతూ పోతుంది. మరీ పొట్టిదైపోతే ఆ కణం ఇక విభజన మానేస్తుంది. 1961లో అమెరికా శాస్త్రవేత్త లియొనార్డ్ హేఫ్లిక్ ప్రయోగశాలలో గమనించింది ఇదే. గాజు పాత్రలో పెంచిన మనిషి కణాలు 40 నుంచి 60 సార్లు విభజన చెంది ఆగిపోయాయి. ఎందుకు ఆగాయో అప్పుడు తెలియదు. తర్వాత ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, కారల్ గ్రైడర్, జాక్ షోస్టాక్ ఆ గుట్టు విప్పారు. కొసల్ని మళ్ళీ పొడిగించే టెలోమరేజ్ అనే ఎంజైమును కూడా పట్టుకున్నారు. 2009 నోబెల్ బహుమతి ముగ్గురికీ కలిపి ఇచ్చారు.

ఇందులోకి తిండి ఎలా వచ్చింది? రెండు దారుల్లో. ఆ ఆరక్షరాల్లో మూడు "జి"లు, అంటే గ్వానిన్‌లు. డీఎన్‌ఏలోని నాలుగు అక్షరాల్లో ఆక్సీకరణకు, అంటే ఆక్సిజన్ రకం రసాయనాల దాడికి, తేలిగ్గా దెబ్బతినేది ఇదే. కాబట్టి ఒంట్లో ఆక్సీకరణ ఒత్తిడి పెరిగితే కొసలకు ముందు దెబ్బ. రెండోది ఇన్‌ఫ్లమేషన్, అంటే పైకి కనిపించని లోపలి వాపు. పొట్ట చుట్టూ కొవ్వు, ఎప్పుడూ ఎక్కువగా ఉండే షుగర్, ఇవి దాన్ని రగులుస్తూనే ఉంటాయి. రోగనిరోధక కణాలు దానికి స్పందిస్తూ మామూలుకంటే ఎక్కువసార్లు విభజన చెందుతాయి, అంతకంతా కొసలూ తరుగుతాయి. ఈ రెండిటినీ తగ్గించే తిండే టెలోమియర్‌కి మంచి తిండి. అది గుండెకు, షుగర్‌కు మంచి తిండి కంటే వేరేమీ కాదు.

ఇంకో మాట కూడా మొదట్లోనే చెప్పుకోవాలి. టెలోమియర్ పొడవులో పెద్ద వాటా వంశపారంపర్యంగా వచ్చేదే. తిండిపై వచ్చిన అధ్యయనాలు చాలావరకు "ఇలా తినేవాళ్ళలో ఇలా ఉంది" అని చూసినవి. ఇలా తింటే తప్పకుండా పెరుగుతుందని నిరూపించినవి కావు. ఆ తేడా మనసులో పెట్టుకునే కింది మార్పులు చేయండి.

మొదట కొలవండి

డైట్ మొదలుపెట్టేది సోమవారం అని ముహూర్తం పెట్టుకునే కంటే, ముందు ఇంట్లో ఎంత తింటున్నారో చూసుకోండి. ఒక వారం చాలు. బియ్యం కొలిచే గ్లాసు లేదా సోలను ఒకసారి కిరాణా కొట్టు తూకం మీద పెట్టించండి. గ్లాసుకి ఎన్ని గ్రాములో తెలిస్తే తర్వాత లెక్క సులువు. నూనె ప్యాకెట్ కత్తిరించిన రోజు దాని మీదే పెన్నుతో తారీఖు రాయండి, అయిపోయిన రోజూ రాయండి. పంచదార డబ్బాకీ అంతే.

పోల్చుకోవడానికి కొలబద్ద దూరం వెళ్ళి వెతకక్కర్లేదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, అదే ఎన్‌ఐఎన్, 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. రోజుకి 2000 కేలరీల తిండికి అందులో చెప్పిన కంచం ఇలా ఉంటుంది: అన్నిరకాల ధాన్యాలూ కలిపి 250 గ్రాములు, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100, పప్పులు లేదా గుడ్డు, మాంసం, చేప 85, గింజలు 35, నూనె, నెయ్యి 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. ధాన్యాలు, పప్పుల తూకం వండక ముందుది.

ఈ అంకెల్ని నలుగురు పెద్దవాళ్ళున్న ఇంటికి నెల లెక్కలోకి మార్చి చూడండి, అసలు సంగతి అప్పుడు తెలుస్తుంది. ధాన్యం మొత్తం 30 కిలోలు. అంటే ఒక 25 కిలోల బియ్యం సంచి, దానిపైన గోధుమపిండి, ఉప్మా రవ్వ, ఇడ్లీ రవ్వ అన్నీ కలిపి ఇంకో 5 కిలోలే. నూనె మూడున్నర లీటర్లు, బయట తినే బజ్జీల్లోదీ పచ్చడి మీద తేలేదీ కలిపి. కూరగాయలు మాత్రం వారానికి 11 కిలోలు. చాలా ఇళ్ళలో ఈ మూడో లెక్క దగ్గరే ఆగి, "అన్ని కూరగాయలా?" అంటారు. రైతుబజార్ నుంచి వారానికి రెండు సంచులు తెస్తున్నామనుకునే ఇంట్లో కూడా తూచి చూస్తే చాలాసార్లు సగమే ఉంటాయి.

తాగే తీపిని ముందు ఆపండి

అన్నిటికంటే తేలిక మార్పు ఇదే, అందుకే ముందు చెప్తున్నాను. 2014లో అమెరికాలో 5,309 మంది పెద్దవాళ్ళ సమాచారం పరిశీలించిన అధ్యయనం ఒకటి వచ్చింది. తీపి కూల్‌డ్రింకులు ఎక్కువ తాగేవాళ్ళలో టెలోమియర్లు పొట్టిగా ఉన్నాయి. రోజుకి దాదాపు 600 మిల్లీలీటర్ల సీసా తాగే అలవాటుకి, 4.6 ఏళ్ళ అదనపు వయసుతో సమానమైన తేడా కనిపించింది. డైట్ డ్రింకులకు అలాంటి సంబంధం కనబడలేదు.

మనం రోజూ కూల్‌డ్రింక్ తాగం కదా అనుకోకండి. మన ఇళ్ళలో ఆ పని చేసేది టీ. రోజుకి నాలుగు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల పంచదార అంటే ఎనిమిది చెంచాలు. దాదాపు 35 గ్రాములు. రోజు మొత్తానికి 25 గ్రాముల లోపు ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. బూస్టూ హార్లిక్సూ, ఆఫీసులో మెషీన్ కాఫీ, ఎండాకాలం రోడ్డు పక్క లస్సీ, ఇవి ఇంకా లెక్కలోకి రాలేదు.

ఎలా తగ్గించాలంటే, ఒక్కసారిగా మానేయకండి, నాలుక ఒప్పుకోదు. వారానికి అర చెంచా చొప్పున తగ్గించండి. నాలుగు వారాలయ్యేసరికి రెండు చెంచాలు సున్నాకి వస్తాయి, నాలుకా అలవాటు పడుతుంది. పంచదార బదులు బెల్లం వేసుకుంటే సరిపోతుందన్న మాట నమ్మకండి. బెల్లం కూడా ముప్పాతిక పైగా చక్కెరే. కూల్‌డ్రింక్ స్థానంలో పల్చటి మజ్జిగ, కాస్త ఉప్పు, అల్లం, కరివేపాకు. సబ్జా నీళ్ళైనా ఫరవాలేదు, అందులో పంచదార పాకం పోయనంత వరకూ.

కంచంలో చోటు మార్చండి

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి. 2014లోనే, అమెరికాలో 4,676 మంది నర్సుల మీద జరిగిన పరిశీలన బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. కూరగాయలు, పప్పులు, గింజలు, చేపలు, ముడి ధాన్యం, ఆలివ్ నూనె ఎక్కువగా ఉండే మధ్యధరా తరహా తిండికి దగ్గరగా తినేవాళ్ళలో టెలోమియర్లు పొడుగ్గా ఉన్నాయి. ఈ వార్త అన్ని పత్రికల్లోనూ వచ్చింది, ఆలివ్ నూనె అమ్మేవాళ్ళూ వాడుకున్నారు. అందులో రాని ముక్క ఒకటుంది. విడివిడిగా చూస్తే ఏ ఒక్క పదార్థానికీ టెలోమియర్ పొడవుతో సంబంధం కనబడలేదు. మొత్తం తీరుకే కనబడింది.

అంటే ఖరీదైన ఆలివ్ నూనె తెచ్చి, దాంతో కిలో అన్నానికి బంగాళాదుంప వేపుడు చేసుకుంటే ఒరిగేదేమీ లేదు. ఏ ఒక్క "సూపర్ ఫుడ్" కూడా ఈ పని చేయదు. మునగాకు పొడి అయినా, చియా గింజలైనా, కివీ పండైనా అంతే. మారాల్సింది కంచంలో దేనికెంత చోటు అన్నదే.

మన భోజనం ఎలా ఉంటుందో చూడండి. కంచం నిండా తెల్లన్నం, మధ్యలో గుంట చేసి పప్పుచారు, పక్కన రెండు చెంచాల కూర, ఓ ముద్ద పచ్చడి. మళ్ళీ అన్నం పెట్టుకుని పెరుగు. కూర అన్నంలో కలుపుకోవడానికే అన్నట్టు ఉంటుంది. దీన్ని తిప్పేయాలి. అన్నం పెట్టుకోకముందే కంచంలో సగం కూరతో నింపండి. అన్నం ముందు పెట్టుకుంటే కూరకి చోటు మిగలదు, ఈ వరస ముఖ్యం. మిగిలిన సగంలో సగం అన్నమో రొట్టో, ఇంకో సగం గట్టి పప్పు లేదా గుడ్డు, చేప. కూర ఎక్కువ తినాలంటే ఉప్పూకారం తగ్గించి వండాలి. ఇప్పుడు వండే వేపుడు అంత కారంతో అరకంచం తినలేరు. కూర వండే చేయి మారకపోతే ఈ పద్ధతి మూడో రోజే మూలపడుతుంది. బీరకాయ, సొరకాయ, పొట్లకాయ లాంటివి పాలు పోసో పెసరపప్పు వేసో పలచని రుచితో వండితే గిన్నెడు తేలిగ్గా లోపలికి పోతుంది. బెండకాయ, దొండకాయ వేపుడైతే మూకుడు మీద మూత పెట్టి ఆవిరితో మగ్గనిచ్చి, చివర్లో మూత తీసి వేపండి. నూనె సగానికి సగం తగ్గుతుంది.

ఆకుకూర రోజూ ఏదో రూపంలో ఉండాలి. తోటకూర, పాలకూర, గోంగూర, బచ్చలి, మెంతికూర, చుక్కకూర, ఏది చవగ్గా దొరికితే అది. ఆకుకూర పప్పు మనకి పుట్టు అలవాటే కాబట్టి కొత్తగా నేర్చుకునేదేం లేదు. పప్పు కంటే ఆకు ఎక్కువ పడేలా చూసుకుంటే చాలు. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి తాజా ఆకు దొరక్కపోతే ఫ్రోజెన్ పాలకూర, మెంతికూర కూడా మంచివే.

పప్పు సంగతి. మాంసం, గుడ్డు తినని రోజు ఒక్కొక్కరికీ 85 గ్రాముల పప్పు అంటే నలుగురికి 340 గ్రాములు. గుప్పెడు కందిపప్పు వేసి గిన్నెడు నీళ్ళతో కాచే పప్పుచారు ఈ లెక్కకి రాదు. ఇడ్లీ పిండిలో మినప్పప్పు, పెసరట్టు, సాయంత్రం గుగ్గిళ్ళు, అలసందలు, ఉలవచారు తీశాక మిగిలిన ఉలవలు, అన్నీ కలిపితేనే అక్కడికి చేరతాం. పూర్తి శాకాహారులు పాలు, పెరుగు తగ్గించకండి, బి12 విటమిన్ ఆకుల్లోనూ పప్పుల్లోనూ ఉండదు.

ధాన్యంలో పాలిష్ పట్టిన బియ్యాన్ని రోజుకి ఒక్క పూటకి పరిమితం చేయండి. ఇంకో పూట జొన్నరొట్టె, రాగి సంకటి, కొర్రన్నం, ముడిబియ్యం, మీ ప్రాంతంలో ఏది అలవాటైతే అది. పీచు ఎక్కువ తినేవాళ్ళలో టెలోమియర్లు పొడుగ్గా ఉన్నట్టు పరిశీలనలున్నాయి. కానీ రాగి సంకటి అయినా నాలుగు ముద్దలు తింటే పిండిపదార్థమే. చిరుధాన్యమని చెప్పి కొలత మర్చిపోకండి.

నూనె, గింజలు, చేప

నూనె ఒక్కరికి రోజుకి 27 గ్రాములు, అంటే ఆరు టీ చెంచాలు. క్యాను నుంచి నేరుగా మూకుట్లోకి వంపడం ఆపి, ఆ రోజు వాటా ఉదయాన్నే చిన్న గిన్నెలోకి తీసి పెట్టుకోండి. నలుగురికి 24 చెంచాలు. గిన్నె ఖాళీ అయితే ఆ రోజుకి నూనె అయిపోయినట్టే. రెండు రోజులు గొణుక్కుంటారు, తర్వాత చేయి దానంతటదే తగ్గుతుంది.

గింజల విషయంలో మనకు పనే లేదు, ఇడ్లీలోకి పల్లీ చట్నీ, అన్నంలోకి నువ్వుల పొడి, అవిసె గింజల కారప్పొడి ఉండనే ఉన్నాయి. ఉప్పు చూసుకోండి, అంతే.

చేపల గురించి ఒక ఆసక్తికరమైన సంగతి ఉంది. 2010లో వచ్చిన అధ్యయనంలో 608 మంది గుండె జబ్బు రోగుల్ని ఐదేళ్ళు గమనించారు. రక్తంలో చేపల నుంచి వచ్చే ఒమేగా-3 ఎక్కువున్నవాళ్ళలో టెలోమియర్లు నెమ్మదిగా తరిగాయి. అదే ఒమేగా-3ని మాత్రలుగా ఇచ్చి పరీక్షించిన మరో పెద్ద ప్రయోగంలో, 2025లో వచ్చిన ఫలితాల ప్రకారం, చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి చేప తినేవాళ్ళు చేపే తినండి. కోస్తాలో చవగ్గా దొరికే కవళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు ఇందుకు బాగా పనికొస్తాయి. వారానికి రెండుసార్లు, వేపుడు కాకుండా పులుసు. శాకాహారులకు అవిసె గింజలు మంచివే గానీ, వాటిలోని ఒమేగా-3 మన ఒంట్లో చేపనూనె రకంగా మారేది చాలా తక్కువ.

ప్యాకెట్లు

స్పెయిన్‌లో 57 ఏళ్ళు దాటిన 886 మందిని పరిశీలించి 2020లో ఒక ఫలితం ప్రకటించారు. ఫ్యాక్టరీలో బాగా ప్రాసెస్ చేసిన పదార్థాలు రోజుకి మూడుసార్ల కంటే ఎక్కువ తినేవాళ్ళలో టెలోమియర్లు పొట్టిగా ఉండే అవకాశం, తక్కువ తినేవాళ్ళతో పోలిస్తే దాదాపు రెట్టింపు. మూడుసార్లు అంటే పెద్ద సంఖ్య కాదు. పొద్దున టీలోకి బిస్కెట్లు, పిల్లలతో కలిసి నూడుల్స్, సాయంత్రం చిప్స్, రాత్రి సాస్ వేసుకున్న ఫ్రోజెన్ నగ్గెట్స్. దాటేశాం. సాసేజీలు, సలామీ లాంటి ప్రాసెస్ చేసిన మాంసమూ పొట్టి టెలోమియర్లతో ముడిపడి కనిపించింది. ఇంట్లో వండిన కోడికూర ఆ జాబితాలోది కాదు. మానాల్సినవి ఇంట్లోకి తేకపోవడమే నాకు తెలిసిన పనిచేసే ఉపాయం. అలమరలో ఉంటే రాత్రి పదింటికి చేయి అటే పోతుంది.

మాత్రలు, పరీక్షలు

టెలోమరేజ్‌ను ఉత్తేజపరుస్తామని అమ్మే మాత్రల జోలికి వెళ్ళకండి. అమెరికాలో అలాంటి ఉత్పత్తి అమ్మిన ఒక సంస్థపై, ఆధారం లేని ప్రచారం చేసిందంటూ తప్పుడు ప్రకటనల మీద చర్యలు తీసుకునే అక్కడి ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018లో చర్య తీసుకుంది. డబ్బు పోవడం ఒక్కటే కాదు. దాదాపు 85 నుంచి 90 శాతం క్యాన్సర్లలో టెలోమరేజ్ చురుగ్గా ఉంటుంది, క్యాన్సర్ కణం అంతూపొంతూ లేకుండా పెరగడానికి దాన్నే వాడుకుంటుంది. జన్యుపరంగా టెలోమియర్లు పొడుగ్గా ఉన్నవాళ్ళకు మెలనోమా అనే చర్మ క్యాన్సర్ లాంటి కొన్ని క్యాన్సర్ల ముప్పు ఎక్కువని కూడా తేలింది. పొడవెక్కువైతే మేలెక్కువ అన్న లెక్క ఇక్కడ నడవదు.

"ఐదేళ్ళలో టెలోమియర్లు 10 శాతం పెరిగాయి" అని చూపించే అధ్యయనం కూడా మీ కంట పడొచ్చు. అమెరికా డాక్టర్ డీన్ ఆర్నిష్ బృందానిది, 2013లో వచ్చింది. మొత్తం 35 మంది, తిండి, నడక, ధ్యానం అన్నీ మార్చుకున్నవాళ్ళు అందులో పదిమందే. ఆశపెట్టే ఫలితమే, కానీ పదిమందిని చూసి లోకానికి మందు రాయలేం.

విటమిన్ డి విషయం కొంచెం వేరు. ఇందాక చెప్పిన 2025 ఫలితాల్లోనే, రోజుకి 2,000 యూనిట్ల చొప్పున నాలుగేళ్ళు తీసుకున్నవాళ్ళలో టెలోమియర్ల తరుగుదల తక్కువగా కనిపించింది. ఇది చదివి మెడికల్ షాపులో 60,000 యూనిట్ల సాచెట్లు తెచ్చుకుని వారం వారం తాగేయకండి. అది రోజుకి 8,500 పైమాటే, ఆ ప్రయోగంలో ఇచ్చినదానికి నాలుగు రెట్లు. డాక్టర్ ఆ సాచెట్లు రాసేది కొన్ని వారాలకే. ఏళ్ళ తరబడి మింగితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీల మీదికొస్తుంది. పరీక్ష చేయించి, తక్కువుంటేనే వాడండి.

టెలోమియర్ పొడవు కొలిచే టెస్టు కూడా అనవసరం. ఏడాదిలో తరిగేది పదుల అక్షరాలు, మామూలు పరీక్షలో వచ్చే తేడా దానికంటే ఎక్కువ. ఒకే రక్తాన్ని రెండుసార్లు కొలిస్తే రెండు వయసులు రావచ్చు. ఆ డబ్బుతో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష), కొలెస్టరాల్, బి12 చేయించుకోండి. బీపీ చూపించుకోండి. టైలర్ టేపుతో బొడ్డు దగ్గర నడుం కొలుచుకోండి. మగవాళ్ళకి 90, ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు దాటితే పైన చెప్పిన మార్పులు ఈ వారమే మొదలుపెట్టాలి. మూడు నెలలకోసారి అదే టేపుతో, అదే చోట, పరగడుపున కొలిచి క్యాలెండర్ వెనక రాసుకోండి.

నిద్ర, నడక, సిగరెట్ మానడం, టెన్షన్ తగ్గించుకోవడం కూడా ఇందులో భాగమే. పొగతాగడం, దీర్ఘకాలపు ఒత్తిడి పొట్టి టెలోమియర్లతో ముడిపడి ఉన్నాయని బాగానే తెలుసు. ఇవి తిండి కంటే తక్కువవి కావు, ఈ వ్యాసం మాత్రం తిండి గురించి.

ఎవరు ముందు డాక్టర్‌ని అడగాలి

షుగర్‌కి ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్ళు అన్నం ఒక్కసారిగా సగం చేస్తే షుగర్ మరీ పడిపోవచ్చు. మందు మోతాదు మార్పించుకున్నాకే కంచం మార్చండి. గుండె వాల్వ్ ఆపరేషన్ అయి రక్తం పల్చబడే వార్ఫరిన్, అసిట్రోమ్ లాంటి మందులు వాడేవాళ్ళు ఆకుకూరలు ఉన్నట్టుండి పెంచకూడదు, వాటిలోని విటమిన్ కె ఆ మందు పనిని తగ్గిస్తుంది. కిడ్నీ జబ్బున్నవాళ్ళకి పప్పులు, ఆకుకూరలు, పండ్ల కొలతలు వేరుగా ఉంటాయి, వాళ్ళు తమ నెఫ్రాలజిస్టు రాసిచ్చిన చీటీనే పాటించాలి. గర్భిణులు, ఎదిగే పిల్లలు, బాగా సన్నబడిపోయిన పెద్దవాళ్ళు అన్నం కోయకుండా, దాని పక్కన కూర, పప్పు, గుడ్డు పెంచుకుంటే చాలు.